సాక్షి లేని ఆట

ఎవరూ చూడనప్పుడు మనిషి ఎలా ఉంటాడో అదే అతని అసలు స్వరూపం అంటారు పెద్దవాళ్ళు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఎవరూ చూడనప్పుడు అతను ఎలా ఉన్నాడో మనకి చెప్పేదెవరు? చూసినవాళ్ళు లేరాయె! అతనే చెప్పాలి, మనం నమ్మాలి. అంటే అతని నిజాయితీకి రుజువు మళ్ళీ అతని నిజాయితీయే. ఈ చిక్కుముడి విప్పడానికి వేదాంత గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు. గోల్ఫు ఆట చూస్తే చాలు.

నవ్వకండి. గోల్ఫంటే మన సినిమాల్లో హీరోయిన్ తండ్రి ఆడే ఆట. టోపీ ఆయనది, కర్రల సంచీ మోసే భుజం ఇంకొకడిది. కానీ ఆ ఆట పెరిగి పెద్దదయిన స్కాట్లండులో బడిపంతుళ్ళూ, పోస్టుమాన్లూ కూడా కర్రలు భుజాన వేసుకుని బయల్దేరతారు. సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్సులో వేసవిలో ఒక్కసారి ఆడాలంటే ఇవాళ మూడొందల పౌన్ల పైమాటే. అదే పడమటి దీవుల్లో, హారిస్‌లో, స్కారిస్టా అనే పల్లె దగ్గర తొమ్మిది గుంటల చిన్న కోర్సుంది. దానికి ఇందులో చిన్న వంతు చాలు.

2019 వేసవిలో మా మరిది నన్ను అక్కడికి తీసికెళ్ళాడు. అతను గ్లాస్గోలో డాక్టరు. ఆటంటే ప్రాణం, ఆట రావడం మాత్రం అంతంత మాత్రం. ఇంగ్లీషులో 'అమెచ్యూర్' అన్న మాటకి మూలం ప్రేమించడం అని అర్థమొచ్చే లాటిన్ మాట. మా మరిదిని చూస్తే ఆ అర్థం బాగా తెలుస్తుంది. స్కై దీవిలో ఓడెక్కి టార్బర్ట్‌లో దిగాం. సముద్రం ఒడ్డునే కోర్సు. గవ్వల పొడి ఇసుకతో కలిసి గాలికి ఎగిరొచ్చి పేరుకున్న నేల, దానిమీద పచ్చిక. దాన్ని వాళ్ళ గేలిక్ భాషలో 'మాఖర్' అంటారు.

టిక్కెట్టిచ్చే మనిషి లేడు. ఉన్నదల్లా ఒక పెట్టె. దాన్ని 'హానెస్టీ బాక్స్' అంటారు. డబ్బు అందులో వేసి ఆడుకోవడమే. ఆరు పెద్ద టోర్నమెంట్లు గెలిచిన నిక్ ఫాల్డో ఒకసారి ఇక్కడికొస్తే పుచ్చుకోడానికి ఎవరూ లేరట. ఐదు పౌన్ల నోటు మీద సంతకం చేసి పెట్టెలో వేశాడట. ఊరివాళ్ళు దాన్ని ఖర్చు పెట్టకుండా ఫ్రేము కట్టించి, దానికోసం పోటీ పెట్టుకున్నారట. జగమెరిగిన ఆటగాడికీ, జగమెరగని మా మరిదికీ పెట్టె ఒక్కటే!

నా పని అతని వెనకాల నడవడం. తొమ్మిది గుంటల్నీ యాభై దెబ్బల్లోపు ముగించాలని అతనికి ఆరేళ్ళుగా కోరిక. ఆ రోజు లెక్క నలభై తొమ్మిదికి తేలేట్టుంది. అలాంటి సమయంలో బంతి గడ్డిలో పడింది. కర్ర దాని వెనక ఆనించి, ఠక్కున ఆగిపోయాడు.

"బంతి కదిలింది వదినా."

"నేను చూళ్ళేదే!"

"నేను చూశాగా."

ఇలా కదిలిస్తే ఒక దెబ్బ జరిమానా. బంతిని వంగి మళ్ళీ యథాస్థానంలో పెట్టి, కార్డు మీద ఒకటి అదనంగా వేసుకున్నాడు. మొత్తం యాభై. చుట్టుపక్కల గొర్రెలు తప్ప మానవమాత్రుడు లేడు. నాకా, రూల్సు రావు.

ఈ ఆటలో ఇదేం వింత కాదట. ఫుట్‌బాల్లో రిఫరీ చూడకపోతే తప్పు తప్పు కాదు. గోల్ఫులో ఎవరి జరిమానా వాళ్ళే వేసుకోవాలని రూలు పుస్తకమే చెబుతుంది. 1925 అమెరికన్ ఓపెన్‌లో బాబీ జోన్స్ బంతి కదిలింది. ఎవరూ చూళ్ళేదు. మేం చూళ్ళేదని అధికారులన్నా వినకుండా తనే జరిమానా వేసుకున్నాడు. ఆ ఒక్క దెబ్బే లేకపోతే గెలిచి ఊరుకునేవాడు. దాంతో లెక్క సమానమై, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. జనం మెచ్చుకుంటే, బ్యాంకు దోచుకోనందుకు మెచ్చుకున్నట్టుందని చిరాకు పడ్డాడట.

ప్లేటో తన 'రిపబ్లిక్'లో గొర్రెలకాపరి ఉంగరం కథ చెబుతాడు. అది పెట్టుకుని దాని రాయి లోపలికి తిప్పితే ఎవరికీ కనిపించడు. ఆ ఉంగరం దొరికాక రాణిని వశపరచుకుని, రాజుని చంపి, తనే రాజయ్యాడు. కనిపించని మనిషి న్యాయంగా ఎందుకుండాలి అన్నది అక్కడి ప్రశ్న. స్కారిస్టా గడ్డిలో మా మరిది వేలికి ఆ ఉంగరం ఉన్నట్టే లెక్క. అయినా దెబ్బ వేసుకున్నాడు.

దేవుడు చూస్తాడన్న భయమా? హారిస్‌లో దైవభక్తి ఎక్కువే. మేం వెళ్ళిన ఏడు ఆదివారం ఆట కూడా లేదు. కానీ మా మరిదికి పూజా పునస్కారాల మీద గురి తక్కువ. పోనీ, పందెం చిన్నది కాబట్టి నిజాయితీ సులువయిందా? కావచ్చు. పెట్టె ముందు నిలబడ్డవాడికి ఆ పూట అన్నం కరువేమీ కాదు. అయితే చిన్న పందేల్లో అబద్ధమాడే పెద్దమనుషులు మనకి తక్కువా? బస్సులో పదేళ్ళ పిల్లాడికి అయిదేళ్ళని చెప్పే తల్లులు తిండిలేక చెబుతున్నారా?

ఇక్కడ మన భాష ఒక మంచిమాట చెబుతుంది. మనస్సాక్షి. మనసే సాక్షి. అతనికి చూసేవాళ్ళు లేకపోలేదు, అతనే ఉన్నాడు. నలభై తొమ్మిదని కార్డు మీద రాసుకుంటే లోకం నమ్మేది. ఆరేళ్ళు ఎదురుచూసిన అతను మాత్రం నమ్మలేకపోయేవాడు. దొంగలెక్కతో వచ్చిన సంతోషం దాచుకోవడానికి తన దగ్గర చోటుండదు.

ఇక్కడితో ఆపితే వ్యాసం అందంగా ఉంటుంది. కానీ నాకో పేచీ ఉంది. నిజాయితీకి పేరుపడ్డ ఈ ఆటకి పెద్దపీట సెయింట్ ఆండ్రూస్. అక్కడి రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు 1754లో మొదలయింది. దానిలో స్త్రీలని సభ్యులుగా చేర్చుకోడానికి ఒప్పుకున్నది 2014లో! మ్యూర్‌ఫీల్డ్‌లోని ఇంకో పాత క్లబ్బు 2016లో వోటేసి వద్దంది. 2017లో మళ్ళీ వోటేసి సరేనంది. గడ్డిపోచ పక్కన బంతి కదిలితే నిద్రపట్టని పెద్దమనుషులు, తలుపు బయట ఆడవాళ్ళుంటే రెండొందల అరవై ఏళ్ళు హాయిగా నిద్రపోయారు. వాళ్ళ మనస్సాక్షి ఏం చేస్తున్నట్టు?

మోసం చెయ్యలేదు. తన పని తను చేసింది. దానికి ఏది చూడమని నేర్పారో అది చూసింది. బంతి కదలడం తప్పని రూలు పుస్తకంలో ఉంది. తలుపు వెయ్యడం తప్పని అందులో లేదు.

అంచేత నాకు తోచేది ఇది. లెక్క సరిగ్గా రాసుకోవడం ఒక నిజాయితీ. ఆ లెక్కలోకి ఎవర్ని రానివ్వలేదో చూసుకోవడం ఇంకో నిజాయితీ. మొదటిదానికి మన సాక్షి మనం చాలు. రెండోదానికి చాలం. బయటినించి ఎవరో తలుపు కొట్టాలి, మనం లేచి తియ్యాలి. మన ఇళ్ళల్లో పాలవాడికి పైసాతో సహా లెక్క అప్పచెబుతాం, పనిమనిషికి మాత్రం వేరే గ్లాసు పెడతాం. లెక్కలో తేడా ఏమీ ఉండదు. గ్లాసు సంగతే ఎవరూ రాసుకోరు.