దొంగిలించిన పిల్లవానిని ఎక్కడికి పంపుదుము?

తప్పు చేసిన బిడ్డను మన కంటికి కనబడకుండ దూరముగా పంపివేసినచో న్యాయము జరిగినట్లేనా? ఈ ప్రశ్న పాతదే గాని నేటికిని మనలను విడువలేదు.

1783లో లండను నగరములో జాన్ హడ్సన్ అను బాలుడు ఒక యింట చొక్కా, పట్టు మేజోళ్లు, పిస్తోలు మొదలగునవి దొంగిలించెనని న్యాయస్థానమునకు తేబడెను. వానికి తొమ్మిదేండ్లు. తల్లిదండ్రులు లేరు. అప్పుడప్పుడు పొగగొట్టములు తుడిచి బ్రదుకువాడు. ఏడేండ్ల ప్రవాసశిక్ష విధించిరి. 1788లో ఆస్ట్రేలియా చేరిన మొదటి ఖైదీల ఓడలలో వాడును ఉండెను. 1868 వరకు అట్లు పంపబడినవారు సుమారు 1,60,000 మంది. చిల్లర దొంగతనములకు పోయినవారు వారిలో అనేకులు. అయితే లండను వీధులలోని ఆకలి మాత్రము ఓడ నెక్కలేదు.

ఇది పరదేశపు కథ యని ఊరకుండరాదు. ఆ ప్రభుత్వమే 1871లో మన దేశమున నేరస్థ జాతుల చట్టము చేసి, 1911లో దానిని మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరింపజేసెను. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములు నాడు అందులోనివే. సముద్రతీరపు ఉప్పును గాడిదలమీద, ఎద్దులమీద మెట్టసీమకు మోసికొని వచ్చి అమ్మిన ఎరుకలవారి వ్యాపారము రైలు వచ్చిన పిదప చితికిపోయెను. పోయిన జీవనోపాధి యేమని అడుగువారు లేరు. వ్రేలిముద్రలు వేయించువారు వచ్చిరి. ఆరేండ్లు దాటిన బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి బడులలో ఉంచుటకు ఆ చట్టము అధికార మిచ్చెను. హడ్సన్ దొంగిలించినందుకు పోయెను. ఈ బిడ్డలు పుట్టినందుకే పోయిరి.

స్టూవర్టుపురములో రక్షణ సైన్యమువారు, కావలిలో బాప్టిస్టు మిషనువారు సెటిల్మెంట్లు నడిపిరి. బడి పెట్టిరి, పని నేర్పిరి, అది మేలే. కాని హాజరు పిలుపును, సెలవు చీటియు అక్కడ ఉండెను. ఆకలితో అలమటించుటకంటె అది మంచిది గాదా యని మీరు అడుగవచ్చును. ఆకలికి అన్నము మంచిదే. అయితే అన్నము పెట్టినవాడు తలుపునకు తాళము వేసినయెడల, తినువాడు అతిథియా, ఖైదీయా? మేలు చేయగోరు మనమందరము ఈ ప్రశ్నకు ఉత్తర మియ్యవలెను.

జక్కయ్యను జ్ఞాపకము చేసికొనుడి. ప్రభువు అతనిని ఊరినుండి వెళ్లగొట్టలేదు. అతని యింటికే వెళ్లెను. అందుచేతనే జక్కయ్య తాను అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు మరల చెల్లింతునని చెప్పగలిగెను. తప్పు దిద్దుకొనుటకు నష్టపోయినవాడు ఎదుట నుండవలెను. ఓడ నెక్కించినవాడు ఎవరికి చెల్లించును?

నేరస్థ జాతుల చట్టము 1952లో రద్దాయెను. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము పదునెనిమిది ఏండ్లలోపు బిడ్డను పోలీసు లాకప్పులో ఉంచరాదు; బాలల న్యాయ మండలి యెదుటకు తీసికొని రావలెను. కాని కులము పేరు విని అనుమానించు అలవాటును ఏ చట్టమును రద్దు చేయజాలదు. దానిని మనమే మానవలెను.

రేపు తిరుపతి బస్సు స్టాండులో యాత్రికుని డబ్బు తీసిన పిల్లవాడొకడు పట్టుబడవచ్చును. డబ్బు సొంతదారునికి ఇప్పించుడి, అది న్యాయము. కొట్టువారి చేయి ఆపుడి. వాని కులము అడుగకుడి. అన్నము ఎప్పుడు తింటివని అడుగుడి.