దాచుకున్న ఆటగాడు

రేపు తప్పనిసరిగా కావలసిన మనిషిని ఇవాళ్టి పని నుంచి తప్పించి దాచుకోవడం ధర్మమేనా? ఈ ప్రశ్నను నాకు అప్పగించినవాళ్ళు వేదాంతులు కారు. మా కోయంబత్తూరులో సాయంత్రం పూట బేకరీ ముందు టీ గ్లాసులు పట్టుకుని ఫుట్‌బాల్ గురించి వాదించుకునే కుర్రాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆట సంగతి వచ్చేసరికి కాస్త మలయాళం కూడా కలిసే గుంపు అది. పాలక్కాడు కనుమ పక్కనే ఉంది గనుక ఫుట్‌బాల్ గాలి మా ఊరికి ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది.

"మామా, మీరు బ్యాంకులో ఉన్నారు గదా, లాభనష్టాలు మీరే తేల్చండి" అని నన్ను మధ్యవర్తిని చేశారు. నేను అప్పటికప్పుడు తీర్పు చెప్పలేదు. బి.కాం. చదివి, ముప్ఫయ్యేళ్ళకు పైగా లెడ్జర్ల మధ్య బతికినవాణ్ణి. లెక్క చివరి దాకా వేసి చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. ఆ లెక్కనే ఇక్కడ వేస్తున్నాను.

ఫుట్‌బాల్ చూడని పాఠకుల కోసం ముందు నిబంధన చెప్పాలి. ఆటగాడు మొరటుగా అడ్డుపడినా, కావాలని ఆటను ఆలస్యం చేసినా రెఫరీ పసుపు కార్డు చూపిస్తాడు. అది హెచ్చరిక. అదే మ్యాచ్‌లో రెండోసారి వస్తే ఎర్ర కార్డు, మైదానం వదిలిపోవలసిందే. కెన్ ఆస్టన్ అనే ఇంగ్లీషు రెఫరీ ట్రాఫిక్ దీపాలను చూసి ఈ రంగుల ఆలోచన చేశాడు. 1970లో మెక్సికోలో జరిగిన ప్రపంచకప్పులో ఈ కార్డులు మొదటిసారి వాడుకలోకి వచ్చాయి. అయితే పసుపు కార్డు ఆ మ్యాచ్‌తో చెల్లిపోదు, ఆటగాడి ఖాతాలో నిలిచి ఉంటుంది. ఒక పోటీలో ఇన్ని కార్డులు చేరితే తర్వాతి మ్యాచ్ ఆడకూడదని లెక్క. దాన్నే సస్పెన్షన్ అంటారు.

ఇక కుర్రాళ్ళ వాదం. జట్టుకు ప్రాణం లాంటి ఆటగాడు సస్పెన్షన్‌కి ఒక్క కార్డు దూరంలో ఉన్నాడు. ఇవాళ్టి మ్యాచ్ సులువు, వచ్చే మ్యాచ్‌తో కప్పు తేలిపోతుంది. ఏం చేయాలి? ఇవాళ కూర్చోబెట్టాలి, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అన్నాడొకడు. ఆడించాలి, డబ్బిచ్చి టికెట్టు కొన్నవాళ్ళు ఎవర్ని చూడ్డానికి వచ్చారు అన్నాడు రెండోవాడు. మూడోవాడు గడుసువాడు. "ఈ తంటా అంతా ఎందుకు? రెండు వారాల ముందే కావాలని ఒక కార్డు తెచ్చుకోమంటే సరి. శిక్ష ఏదో చిన్న మ్యాచ్‌లో తీరిపోతుంది, ఖాతా శుభ్రమైపోతుంది" అన్నాడు.

మూడోవాడి సంగతి ముందు చూద్దాం. వీడి ఉపాయం కొత్తదేమీ కాదు. 2019 ఫిబ్రవరి 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్ జట్టు మీద రియల్ మాడ్రిడ్ 2-1తో గెలుస్తున్నప్పుడు, చివరి నిమిషాల్లో కెప్టెన్ సెర్హియో రామోస్ పసుపు కార్డు తెచ్చుకున్నాడు. సొంత ఊళ్ళో జరిగే తర్వాతి మ్యాచ్ సులువుగా గడిచిపోతుందని, శిక్ష అక్కడ తీరిపోతుందని లెక్క. కావాలనే చేశానన్నట్టు ఆ రాత్రే మాట జారాడు. యూరపు ఫుట్‌బాల్ సంఘం ఇంకో మ్యాచ్ నిషేధం కలిపింది. అంతకన్నా పెద్ద శిక్ష మార్చి 5న పడింది. అతను పైన కూర్చుని చూస్తూ ఉండగా మాడ్రిడ్ సొంత మైదానంలో 1-4తో ఓడి పోటీ నుంచే వెళ్ళిపోయింది.

ఓడినందువల్ల అది తప్పయిందని నేననను. గెలిచినా తప్పే. మా బ్యాంకుల్లో దీనికి సరిగ్గా సరిపోయే పని ఒకటుంది. మార్చి 31 నాటికి డిపాజిట్లు ఉబ్బించి చూపించడం, ఏప్రిల్ మొదటి వారంలో అవి వచ్చిన దారినే పోవడం. విండో డ్రెస్సింగ్ అంటారు. పుస్తకంలో ప్రతి అంకే నిజం, మొత్తం మీద పుస్తకం అబద్ధం. కావాలని తెచ్చుకున్న కార్డు కూడా అంతే. తప్పు జరిగింది, శిక్ష పడింది, శిక్ష అనుభవించాడు, అన్నీ కాగితం మీద సరిగ్గానే ఉన్నాయి. కాని శిక్షలోని పదును ఎక్కడుంది? దాని తేదీ మన చేతిలో లేకపోవడంలో ఉంది. జైలుకు ఎప్పుడు వెళ్ళాలో ముద్దాయే నిర్ణయించుకుంటే అది జైలు కాదు, సెలవు.

అయితే ఇదే మాట మొదటివాడి మీదికి కూడా వస్తుంది. ఇవాళ కూర్చోబెట్టడం అంటే ఒక మ్యాచ్ పోగొట్టుకోవడమే, ఆ మ్యాచ్ ఏదో మనమే ఎంచుకున్నాం గదా, రెండిటికీ తేడా ఏమిటి అని మూడోవాడు నిలదీశాడు. గడుసువాడే గాని ప్రశ్న మంచిది.

తేడా ఉంది. కూర్చోబెట్టినందువల్ల కార్డు చెరిగిపోదు. అప్పు అప్పుగానే ఉంది, రేపు కీలకమైన మ్యాచ్‌లో అది నెత్తి మీద కత్తిలాగా వేలాడుతూనే ఉంటుంది. తప్పు చేయలేదు, ఎవర్నీ తన్నలేదు, రెఫరీని తన పనికి వాడుకోలేదు. మ్యాచ్‌కి ముందే జట్టు జాబితాలో అతని పేరు లేదని లోకమంతా చూసింది. దీన్ని మా భాషలో ప్రొవిజన్ అంటాం. రేపు రాగల నష్టానికి ఇవాళ్టి లాభంలోంచి కొంత పక్కన పెట్టడం. దానివల్ల ఈ ఏడు లాభం తగ్గుతుంది, మేనేజరు మొహం చిన్నబోతుంది. కాని అందులో దాపరికం లేదు. ఖర్చు మనదే, బాహాటంగా మనమే భరిస్తున్నాం.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఖర్చు నిజంగా మనదేనా?

టికెట్టు కొన్న ప్రేక్షకుడి బాధను నేను తీసిపారేయను. కాని అతను కొన్నది రెండు జట్ల ఆటను, ఒక మనిషిని కాదు. ఇంకా పెద్ద హక్కుదారు ఒకడున్నాడు, వాడు ఆ మైదానంలోనే ఉండడు. వాడు మూడో జట్టువాడు. మా ఊళ్ళో జరిగిన సంగతే చెబుతాను. 2019 మార్చి 9న కోయంబత్తూరు నెహ్రూ స్టేడియంలో ఐ-లీగు ఆఖరి రోజు. చెన్నై సిటీ జట్టు అప్పట్లో ఇక్కడే ఆడేది. గెలిస్తే కప్పు వాళ్ళది. ఎదురుగా ఉన్నది అంతకుముందు ఏడాది విజేత మినర్వా పంజాబు, ఆ ఏడు వాళ్ళు కప్పు పోటీలో లేరు. అదే సాయంత్రం కోళిక్కోడులో గోకులం మీద ఆడుతున్న ఈస్ట్ బెంగాల్ తలరాత సగం మా ఊళ్ళో రాయబడుతోంది. మినర్వావాళ్ళు ఆ రోజు చేతులు కట్టుకుని నిలబడినా వాళ్ళకు పోయేదేమీ లేదు, పోయేదంతా ఈస్ట్ బెంగాల్‌కే. కాని వాళ్ళే ముందు గోలు కొట్టారు. తర్వాత చెన్నై సిటీ తేరుకుని 3-1తో గెలిచింది. ఈస్ట్ బెంగాల్ కూడా అక్కడ గెలిచింది, ఒక్క పాయింటు తేడాతో కప్పు పోగొట్టుకుంది. ఆ ఓటమి బాధాకరమే గాని అందులో అన్యాయం లేదు. తమకు అక్కరలేని మ్యాచ్‌ను మినర్వావాళ్ళు నిజంగా ఆడారు గనుక.

దీనికి ఎదురుగా 1982 జూన్ 25ను పెట్టండి. స్పెయిన్‌లోని హిహోన్ పట్నంలో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడుతున్నాయి. జర్మనీ 1-0తో గెలిస్తే రెండూ ముందుకు పోతాయి, ముందురోజే ఆట ముగించుకున్న అల్జీరియా ఇంటికి పోతుంది. పదో నిమిషంలో గోలు పడింది. తర్వాత రెండు జట్లూ కాలక్షేపం చేశాయి. నిబంధన ఒక్కటీ తప్పలేదు. తర్వాతి ప్రపంచకప్పు నుంచి గ్రూపులో ఆఖరి మ్యాచ్‌లు రెండూ ఒకే సమయంలో మొదలుపెట్టడం ఆ రోజు పుణ్యమే.

అయితే ముఖ్యుల్ని కూర్చోబెట్టిన ప్రతివాడూ మూడోవాడికి ద్రోహం చేసినట్టేనా? కాదని 2008 జూన్ 17న యూరపు కప్పులో హాలండు చూపించింది. అప్పటికే వాళ్ళు గ్రూపులో మొదటి స్థానం సంపాదించుకున్నారు. రుమేనియాతో చివరి మ్యాచ్‌కి దాదాపు జట్టంతా మార్చారు. రుమేనియా గెలిస్తే ఇటలీ, ఫ్రాన్సు రెండూ పోటీ నుంచి పోతాయి. ఆ రెండు దేశాలూ గుండె చేతబట్టుకున్నాయి. కాని బెంచీ మీదినుంచి లేచి వచ్చిన హాలండు కుర్రాళ్ళు 2-0తో రుమేనియాను ఓడించారు. ఫ్రాన్సును గెలిచిన ఇటలీ ముందుకు పోయింది. అంటే మూడోవాడికి మనం బాకీ ఉన్నది ఫలానా ఆటగాణ్ణి కాదు, నిజమైన ఆటను. ఒకణ్ణి కూర్చోబెట్టినప్పుడు అతని చోట నిలబెట్టినవాడు గెలవాలనే ఆడితే ఆ బాకీ తీరినట్టే.

ఇక రెండోవాడి పక్షాన కూడా ఒక మాట ఉంది. అది మన భారతంలోనే ఉంది. కర్ణుడు కవచకుండలాలిచ్చి ఇంద్రుడి దగ్గర శక్తిని పుచ్చుకున్నాడు. అది ఒక్కసారే పనికివస్తుంది. దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను ఊచకోత కోస్తుంటే సొంతవాళ్ళే వచ్చి ఇప్పుడే వెయ్యమని మొరపెట్టుకున్నారు. వేశాడు. ఘటోత్కచుడు పడిపోయాడు, కృష్ణుడు సంతోషించాడు. కర్ణుడు తొందరపడ్డాడని చాలామంది అంటారు. నేననను. ఆ రాత్రి చచ్చిపోతున్నవాళ్ళకు అర్జునుడితో యుద్ధం ఎక్కడిది? రేపు అనేది ఇవాళ బతికి బయటపడ్డవాడికే ఉంటుంది. కర్ణుణ్ణి తప్పుపట్టాలంటే భీష్ముడితో పంతానికి పోయి మొదటి పది రోజులు యుద్ధానికి దూరంగా ఉన్నందుకు పట్టాలి. అదీ ఆటగాణ్ణి కూర్చోబెట్టడమే, కాని జట్టు కోసం కాదు, అహం కోసం.

2002 ప్రపంచకప్పులో జర్మనీ ఆటగాడు మిహాయెల్ బలాక్‌ది ఆ రాత్రి కర్ణుడి పరిస్థితే. సెమీఫైనల్లో ఇంకొక్క కార్డు వస్తే ఫైనల్ పోతుంది. దక్షిణ కొరియావాడు దూసుకు వస్తుంటే అడ్డుపడి ఆపాడు, కార్డు వచ్చింది. నాలుగు నిమిషాలకు ఆ మ్యాచ్‌లో పడ్డ ఒకే ఒక్క గోలు కూడా తనే కొట్టాడు. తను ఆడలేని ఫైనల్‌కి జట్టును పంపించాడు. అక్కడ బ్రెజిల్ 2-0తో గెలిచింది. 2010 ప్రపంచకప్పు నుంచి క్వార్టర్‌ఫైనల్స్ అయ్యాక ఒంటి కార్డులు చెరిపేస్తున్నారు గనుక ఇప్పుడు ఆ కష్టం రాదు. కాని ఇవాళ ఓడితే ఇంటికే పోవలసిన చోట దాపుడు అనేదానికి అర్థమే లేదు.

ఇంతదాకా ఆట. ఇప్పుడు నన్ను నిజంగా నిద్రపోనీయని సంగతికి వస్తాను. సస్పెన్షన్ అనే మాట ఫుట్‌బాల్ కన్నా మా ఉద్యోగంలో బరువైనది. అరవై ఏళ్ళకు రిటైరుమెంటు. చివరి ఏడాదిలో, మనం సంతకం పెట్టిన అప్పు ఒకటి మొండిబాకీ అయి, చార్జిషీటు వచ్చి, రావలసిన గ్రాట్యుటీ ఆగిపోతుందేమోనని భయం. అందుకని కొందరు చివరి ఏడాది ఆడరు. ఫైలు వస్తే ఇంకో కాగితం అడుగుతారు. అది వస్తే మరొకటి అడుగుతారు. తర్వాత వచ్చేవాడు చూసుకుంటాడులే అని పక్కన పెడతారు. మదురైలో పనిచేసిన రోజుల్లో అటువంటి పెద్దమనిషిని దగ్గరగా చూశాను. నిప్పులాంటి నిజాయితీపరుడు. చుంగుడి చీరల అద్దకం చేసుకునే ఒక కుటుంబం దీపావళి సరుకు కోసం లిమిట్ పెంచమని ఆడి నెలలో అడిగింది. ఖాతాలో మచ్చ లేదు. దీపావళి వెళ్ళిపోయింది, ఫైలు కదలలేదు. ఆయన ఘనంగా సన్మానం చేయించుకుని వెళ్ళాడు. ఆ ఇంటివాళ్ళు వడ్డీవ్యాపారి దగ్గరికి వెళ్ళారు.

ఆయన భయం ఉత్తదని నేననను. మంచి మనసుతో ఇచ్చిన అప్పులు చెడితే కూడా అధికారుల్ని వేధించిన రోజులున్నాయి. అందుకే 2021 అక్టోబరులో ఆర్థిక శాఖ, మోసం లేని 50 కోట్ల లోపు మొండిబాకీల విషయంలో సిబ్బంది బాధ్యతను ఎలా తేల్చాలో ప్రభుత్వ బ్యాంకులకు మార్గదర్శకాలు ఇచ్చింది. నిజాయితీగా నిర్ణయం తీసుకున్నవాణ్ణి కాపాడాలన్నదే అందులోని ఉద్దేశం. భయం కొంత తగ్గింది, అలవాటు మాత్రం పోలేదు.

ఆటలో కూర్చోబెట్టిన ఆటగాడికీ ఈ పెద్దమనిషికీ పోలిక పెడితేనే నాకు లెక్క తేలింది. ఆటగాడు బెంచీ మీద కూర్చున్నప్పుడు అతని చోట మరొకడు మైదానంలోకి దిగుతాడు. మా అధికారి తన కుర్చీ వదలలేదు. కుర్చీలోనే కూర్చుని ఆడటం మానేశాడు. భయముంటే సెలవు పెట్టవచ్చు, పై అధికారితో చెప్పి సంతకం అధికారం ఇంకొకరికి అప్పగించవచ్చు. అది ప్రొవిజన్ అయ్యేది. ఆయన చేసింది తన రేపటి కోసం ఇంకొకరి ఇవాళ్టిని ఖర్చు రాయడం. ఖర్చు ఆ అద్దకం ఇంటి ఖాతాలో పడింది.

దాచడానికీ పణంగా పెట్టడానికీ మధ్య ఇంకో దారి కూడా ఉంది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీమ్ భారత జట్టుకు కోచ్. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. సెమీఫైనల్‌కి రహీమ్ అతన్ని ఇంటికీ పంపలేదు, పాత చోటనూ నిలబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డు చేశాడు. సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ అతను గోలు కొట్టాడు. దక్షిణ కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. తలకు కుట్లున్నవాణ్ణి ఆడించడం ఈనాటి వైద్యులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. నేను తీసుకున్నది మనిషికి చోటు మార్చడమనే ఆలోచనను మాత్రమే.

మా వీధి కుర్రాళ్ళకు నా జవాబు ఇది. కావాలని కార్డు తెచ్చుకోవడం వద్దు, అది దొంగలెక్క. కూర్చోబెట్టడం తప్పు కాదు, కాని అతని చోట దిగేవాడికి నువ్వు ఊరికే నిలబడితే చాలని చెప్పకూడదు. ఇవాళ ఓడితే రేపు లేదన్న రోజున మాత్రం దాచుకోవడం గురించి మాట్లాడకండి. రెండోవాడు నవ్వి, "మరి మీకింకా ఎన్నేళ్ళుంది మామా?" అన్నాడు.

నాలుగేళ్ళుంది. టేబుల్ మీద ఫైళ్ళున్నాయి.