బానే ఉన్నానమ్మా

2019లో సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఎమ్మెస్ చదవడానికి షికాగో చేరాను. మనవాళ్ళు ఎక్కువమంది ఆగస్టులో వెళతారు, చలి వచ్చేలోగా ఊరు అలవాటవుతుంది. నాకు వీసా ఆలస్యమై చదువు స్ప్రింగ్ సెమిస్టర్‌కి మారింది. పేరుకి మాత్రం వసంతం.

రెండు బెడ్‌రూముల ఇంట్లో ఐదుగురం. ఆఖర్న వచ్చినవాణ్ణి కాబట్టి హాల్లో కిటికీ పక్కన, గాలి నింపే పరుపు మీద నా చోటు. తెల్లారేసరికి పరుపులో గాలి పోయి నడుముకి నేల తగిలేది. హీటర్ వేడికి గదంతా ఎండిపోయి, నిద్ర లేచేసరికి ముక్కులోంచి రక్తం. తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కున షాక్. సాయంత్రం ఐదు కాకుండానే చీకటి.

మనకీ షికాగోకీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. నేను రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తే తెనాలిలో అమ్మకి పొద్దున్న ఎనిమిది.

“చలిగా ఉందా నాన్నా?”

“పెద్దగా లేదమ్మా. లోపలంతా హీటరే.”

“తిన్నావా?”

“తిన్నా.”

“ఏం కూర?”

“బెండకాయ.”

నేను తిన్నది బ్రెడ్డు, ఆవకాయ. తిన్నానని ఊరుకుంటే సరిపోయేది కాదు, అబద్ధంలో కూర కూడా వండాల్సి వచ్చింది. అప్పుడు దాన్ని అబద్ధమని అనుకోలేదు. అంతదూరంలో ఉన్న మనిషిని బాధపెట్టి ఏం లాభం, అనుకున్నాను.

రెండోవారంలో కాలేజీకి నడుస్తూ జారిపడ్డాను. ఫుట్‌పాత్ మీద గట్టిపడ్డ మంచు కంటికి కనబడదు, తడిసిన సిమెంటులాగే ఉంటుంది. కాళ్ళకి ఇంటి దగ్గర కొన్న గుడ్డ బూట్లు. చెయ్యి కిందపడి కుడి మణికట్టు వాచింది. ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో, మనం ఎంత కట్టాలో తెలీక డాక్టరు దగ్గరకి వెళ్ళలేదు. రూమ్మేట్ కట్టు కట్టాడు. పదిరోజులు ఆ చెయ్యి కెమెరాకి అందకుండా మాట్లాడాను.

ఆ నెల 30న షికాగోలో పొద్దున్న మైనస్ 31 డిగ్రీలు. యూనివర్సిటీ మూసేశారు, పోస్టు కూడా ఆపేశారు. మన టీవీల్లోనూ చూపించారు. అమ్మే ఫోన్ చేసింది.

“అంటార్కిటికా కంటే ఎక్కువంటున్నారు, పెద్దగా లేదన్నావేరా?”

ఇక దాచడానికేముంది? ముక్కు సంగతి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. “పడుకునేముందు ముక్కులో కొబ్బరినూనె రాసుకో. గిన్నెతో నీళ్ళు ఆ హీటర్ పక్కన పెట్టు,” అంది. రెండు రోజుల్లో రక్తం ఆగింది. మూడువారాలుగా ఆమె చెయ్యగలిగిన పని ఒకటుందని, దాన్ని చెయ్యనివ్వనిది నేనేనని అప్పుడైనా తట్టాలి. తట్టలేదు. మణికట్టు సంగతి అప్పుడూ చెప్పలేదు.

మేలో పరీక్షలయ్యాక పిన్ని మాటల్లో నోరుజారింది. ఫిబ్రవరిలో నాన్నకి గుంటూరులో స్టెంట్ వేశారట. ఆ వారమంతా ఫోన్లో నాన్న గొంతు నీరసంగా ఉంటే జలుబన్నారు. నమ్మాను. అమ్మ మీద గట్టిగా అరిచాను.

“చదువు పాడవుతుందని చెప్పలేదురా. చెప్తే మాత్రం అక్కణ్ణించి ఏం చేసేవాడివి?”

నా వాదనే, అక్షరం పొల్లుపోకుండా. నేను చెప్పుకున్నప్పుడు ప్రేమలా అనిపించింది. నాకు చెప్పినప్పుడు నన్ను ఇంట్లోంచి వెలివేసినట్టు అనిపించింది.

కాంట్ 1797లో రాసిన ఒక వ్యాసంలో, స్నేహితుణ్ణి చంపడానికి వచ్చిన హంతకుడు తలుపు తట్టి అడిగినా అబద్ధం చెప్పకూడదంటాడు. చదివినవాళ్ళలో చాలామందికి అది మొండితనంగానే తోస్తుంది, నాకూ అంతే. మనకి ఇటు భాగవతంలో శుక్రాచార్యుడున్నాడు. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళి విషయంలో, ప్రాణం, ధనం, మానం పోయేటప్పుడు బొంకవచ్చని బలికి ఒక జాబితా చెబుతాడు. మన ఇళ్ళల్లో ఆ జాబితా చాలా పొడుగు, ‘వాళ్ళు తట్టుకోలేరు’ అనేది అందులో మొదటిది. అయితే ఆ సలహా విన్న బలి దాన్ని వాడుకోలేదన్న సంగతి కూడా ఉంది.

ఈ ఇద్దరి మధ్యా నాకు అర్థమైంది వేరొకటి. కాంట్ చెప్పిన గుమ్మంలో ఉన్నది హంతకుడు. నా ఫోన్లో ఉన్నది అమ్మ. హంతకుడికి నిజం తెలుసుకునే హక్కు ఉందా అని తగవుపడొచ్చు. అమ్మకి నా గురించి దిగులుపడే హక్కు ఉందా అని ఎవరూ అడగరు. బాధ తప్పిస్తున్నామనుకుంటూ మనం ఆ హక్కునే తీసేసుకుంటాం. పైగా ‘వాళ్ళు తట్టుకోలేరు’ అని తీర్పు చెప్పేది మనమే, వాళ్ళని అడగం. అమ్మ నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళి, సంతకాలు పెట్టి, బయట బల్లమీద రాత్రంతా కూర్చున్న మనిషి. ఆమె నా వాచిన మణికట్టు తట్టుకోలేదని నేను తేల్చాను!

అన్నీ చెప్పెయ్యాలనడం లేదు. అర్ధరాత్రి భయమేసిన ప్రతిసారీ ఫోన్ చేసి వాళ్ళ నిద్ర చెడగొట్టడం నిజాయితీ కాదు, బరువు దించుకోవడం. చెప్పకపోవడానికీ, అడిగినప్పుడు లేని బెండకాయ కూర వండిపెట్టడానికీ తేడా ఉంది. ఆ గీత ఎక్కడుందో ఇప్పటికీ ఏ రోజుకారోజు వెతుక్కుంటూనే ఉన్నాను.

అరిచిన మర్నాడు సిగ్గేసి, మణికట్టు సంగతి చెప్పాను.

“తెలుసులే,” అంది అమ్మ. “ఎడంచేత్తో అన్నం తింటుంటే చూశాగా.”

“మరి అడగలేదేం?”

“నువ్వు చెప్పలేదుగా.”

పదిరోజులు ఒకే దిగులుని ఇద్దరం చెరో వైపూ విడివిడిగా మోశామన్నమాట. ఇప్పుడు ఆమె “ఎలా ఉన్నావు?” అంటే “బానే ఉన్నా” అని వెంటనే అనను. ఒక్క క్షణం ఆగి ఆలోచించుకుంటాను. ఆ ఆగడంలోనే ఆమెకి సగం తెలిసిపోతుంది. “చెప్పు,” అంటుంది.