రెండేళ్ల బిడ్డతో విదేశీ యాత్ర: ఆ కోరిక ఎవరిది?



మేడ్చల్, శామీర్‌పేట వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో, గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండే యువ దంపతుల దగ్గర ఒక మాట తరచూ వినిపిస్తుంది: "బాబుకి రెండేళ్లు నిండేలోపు ఒక ఫారిన్ ట్రిప్ వేసేద్దాం." దీని వెనక ఒక లెక్క ఉంది. రెండేళ్లలోపు బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, అంతర్జాతీయ విమానాల్లో చాలా ఎయిర్‌లైన్స్ పెద్దవాళ్ల ఛార్జీలో పదో వంతు దగ్గర్లోనే తీసుకుంటాయి. రెండో పుట్టినరోజు దాటిందంటే విడిగా సీటు, దానికి వేరే టికెట్. అందుకే ఆ తొందర.

ఇంట్లో విషయం చెప్పగానే ఏమవుతుందో మీకు తెలుసు. నానమ్మ అంటుంది: "వానికేం యాదికుంటదిరా? పైసలు దండగ." కొడుకు అంటాడు: "అట్ల కాదమ్మా, పిల్లలకి చిన్నప్పుడే ఎక్స్‌పోజర్ కావాలి. అంతా వాడి కోసమే."

ఇద్దరి మాటలోనూ ప్రేమ ఉంది. కానీ ధర్మం వైపు నుంచి చూస్తే, వెళ్లాలా వద్దా అనేదానికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఈ ప్రయాణం ఎవరి కోరిక? దీని గురించే ఈ రోజు కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

గుర్తుండకపోతే దండగేనా?

ముందు నానమ్మ మాట తీసుకుందాం. ఆమె చెప్పింది నిజమే. మూడేళ్లలోపు జరిగిన సంగతులు పెద్దయ్యాక మనలో దాదాపు ఎవరికీ గుర్తుండవు. మనస్తత్వ శాస్త్రం కూడా ఇదే చెబుతుంది. సింగపూర్ వెళ్లినా, దుబాయ్ వెళ్లినా రెండేళ్ల బిడ్డకి రేపు మిగిలేది ఫోన్‌లో ఫోటోలే.

కానీ గుర్తుండదు కాబట్టి దండగ అనేస్తే, మన ఇళ్లలో జరిగే చాలా పనులు దండగే అవుతాయి. అన్నప్రాసన ఎవరికి గుర్తుంది? పుట్టువెంట్రుకలు తీయించిన రోజు ఎవరికి గుర్తుంది? చెవులు కుట్టించినప్పుడు ఎంత ఏడ్చామో మనకి తెలియదు, అమ్మ చెబితే తెలుసుకున్నాం. అయినా తరతరాలుగా చేస్తూనే ఉన్నాం. అంటే బిడ్డకి గుర్తుండటం అనేది మన పెద్దలు ఎప్పుడూ కొలబద్దగా పెట్టుకోలేదు.

ఇంకో విషయం గమనించండి. పుట్టువెంట్రుకల రోజు క్యూలో నిలబడ్డ ఏ తల్లినైనా "ఎందుకొచ్చారమ్మా?" అని అడగండి. "మొక్కుకున్నామండీ" అంటుంది. పిల్లాడి ఎక్స్‌పోజర్ కోసం అనదు. మొక్కుకున్నది అమ్మానాన్నలు, తీర్చుకుంటున్నదీ వాళ్లే. అందుకే అక్కడ బిడ్డ గుక్కపట్టి ఏడ్చినా ఎవరూ వాణ్ని కసురుకోరు. మేనమామ ఒళ్లో పెట్టుకుని బుజ్జగిస్తాడు, తాత ఎత్తుకుని తిప్పుతాడు. "మా మొక్కు కోసం నిన్ను కష్టపెడుతున్నాం నాన్నా, కాస్త ఓర్చుకో" అనే భావం అందరి మొహంలోనూ ఉంటుంది.

విదేశీ యాత్రలో మనం పోగొట్టుకుంటున్నది సరిగ్గా ఆ నిజాయితీనే.

"నీ కోసమే కదా వచ్చాం!"

ఒక జంట అనుకుందాం. ఏడాది నుంచి పొదుపు చేశారు, లీవులు దాచుకున్నారు. ఇద్దరికీ సముద్రం చూడాలని, ఆఫీసు ఫోన్లు లేని నాలుగు రోజులు గడపాలని ఉంది. ఆ మాట బయటికి చెప్పుకోవడానికి మొహమాటం. "పిల్లాణ్ని పెట్టుకుని వీళ్లకి షికార్లు కావాల్సొచ్చాయా?" అంటారేమోనని భయం. అందుకే ఆ కోరికకి బిడ్డ పేరు పెట్టారు.

అబద్ధం చిన్నదే. కానీ దాని బరువు ఎవరి మీద పడుతుందో చూడండి. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, థీమ్ పార్క్ క్యూలో, నిద్ర చాలని బిడ్డ నేల మీద పడి దొర్లి ఏడుస్తాడు. అప్పుడు నాన్న నోటి నుంచి వచ్చే మాట ఏంటి? "నీ కోసమే కదరా ఇంత ఖర్చు పెట్టి వచ్చాం!" ఆ బిడ్డ అడగలేదు. వాడికి సింగపూర్ అనే మాట కూడా పలకడం రాదు. తను ఎప్పుడూ అడగని వరానికి తనే బాకీ పడ్డాడు. ఇలాంటి బాకీలు పిల్లలు పెద్దయ్యాక కూడా తీరవు. "నీకు రెండేళ్లప్పుడే ఫారిన్ చూపించాం, నువ్వేమో మార్కులు ఇలా తెచ్చావు" అనే దాకా పోతాయి.

సత్యం అంటే కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు పాటించేది మాత్రమే అనుకుంటాం. మన కోరికని మన కోరికగా ఒప్పుకోవడం కూడా సత్యమే. ఇంట్లో అన్నిటికంటే చిన్న ప్రాణికి ఎదురు చెప్పే నోరు లేదు కాబట్టి, వాడి విషయంలో ఆ సత్యం ఇంకా గట్టిగా పాటించాలి.

కోరిక ఉండటం తప్పా?

కాదు. భగవద్గీత ఏడో అధ్యాయంలో శ్రీకృష్ణుడు, ధర్మానికి విరుద్ధం కాని కోరిక తన స్వరూపమేనని చెబుతాడు. రెండేళ్లుగా రాత్రి పూర్తిగా నిద్రపోని తల్లికి ఒక కొత్త ఊరు చూడాలనిపిస్తే అందులో దోషం ఏముంది? గృహస్థాశ్రమం అంటే కోరికలు చంపుకునే ఆశ్రమం కాదు. వాటిని ధర్మం గట్టుల మధ్య నడిపించే ఆశ్రమం.

"సముద్రం దాటకూడదని శాస్త్రంలో ఉంది కదా?" అని కొందరు అడుగుతారు. ఉన్న మాట నిజమే. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనానికి దారితీసే పనుల్లో చేర్చింది. ఆచారం నిలవదు, సంస్కారం పోతుందనే భయం దాని వెనక ఉందని చెబుతుంటారు. మరి సముద్రం దాటిన మనవాళ్లకి ఏమైంది? 19వ శతాబ్దంలో గోదావరి జిల్లాల కోరంగి రేవు మీదుగా ఎందరో తెలుగువాళ్లు చెరకు తోటల్లో కూలీలుగా మారిషస్ వెళ్లారు. ఆ రేవు పేరుతోనే వాళ్లని అక్కడ 'కోరంగివాళ్లు' అనేవారు. వాళ్లు వెళ్లింది విహారానికి కాదు, బతుకు కోసం. అయినా ఈ రోజుకీ వాళ్ల వారసులు రామభజనలు చేస్తారు, సింహాద్రి అప్పన్నని కొలుస్తారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. ఆ పిల్లలకి సంస్కారం అందింది నేల నుంచి కాదు, తల్లిదండ్రుల నోటి పాట నుంచి, చేతల నుంచి. మీ బిడ్డ కూడా విదేశంలో చూసేది మిమ్మల్నే. మీరు ఇమిగ్రేషన్ లైన్లో ఎలా నిలబడ్డారు, హోటల్ గది తుడిచే అమ్మాయితో ఎలా మాట్లాడారు, ఒకరి మీద ఒకరు ఎంత అరుచుకున్నారు, ఇవన్నీ ఆ రోజు వాడి చుట్టూ ఉన్న ప్రపంచం.

కీసరగుట్ట ఏం చెబుతోంది?

మన పక్కనే ఒక కథ ఉంది. శామీర్‌పేట నుంచి ఔటర్ ఎక్కితే తర్వాత వచ్చేది కీసర. ఆ గుట్ట స్థలపురాణం మీలో చాలామంది వినే ఉంటారు. రావణ వధ తర్వాత శ్రీరాముడు ఇక్కడ శివలింగాన్ని ప్రతిష్ఠించాలనుకుని, లింగం తెమ్మని హనుమంతుణ్ని కాశీకి పంపాడు. హనుమంతుడు రావడం ఆలస్యమైంది, ముహూర్తం దగ్గరపడింది. అప్పుడు శివుడే ప్రత్యక్షమై లింగాన్ని ఇచ్చాడు, ప్రతిష్ఠ జరిగిపోయింది. 101 లింగాలతో తిరిగొచ్చిన హనుమంతుడు బాధపడి వాటిని చుట్టూ విసిరేశాడట. గుట్ట మీద ఈనాటికీ అక్కడక్కడ కనిపించే లింగాలు అవేనని చెబుతారు. రాముడు ఆయన్ని ఓదార్చి, కేసరి కొడుకు పేరు మీద ఈ కొండ కేసరిగిరిగా పిలవబడుతుందని వరమిచ్చాడు. ఆ కేసరిగిరే కీసర.

ఈ కథలో రెండు మాటలు ఉన్నాయి. కావాల్సింది ఉన్నచోటే దొరికింది అనేది ఒకటి. దూరం వెళ్లొచ్చినవాడిని రాముడు తక్కువ చేయలేదు అనేది రెండోది. మనం సాధారణంగా మొదటి మాటే పట్టుకుని "శామీర్‌పేట చెరువు గట్టు చాలదా, అలియాబాద్ రత్నాలయం చాలదా, జింకల పార్కు చాలదా?" అని కుర్రవాళ్లకి క్లాస్ పీకుతాం. బిడ్డ వైపు నుంచి చూస్తే నిజంగానే చాలు. మలేషియా బతు గుహల దగ్గర 272 మెట్లెక్కి మురుగన్ దర్శనానికి తీసుకెళ్లినా, వాడు కేక పెట్టి చూపించేది అక్కడి కోతిని. కీసరగుట్ట మీద కూడా కోతులే కదా! బ్యాంకాక్ ఎయిర్‌పోర్టులో క్షీరసాగర మథనం శిల్పం ముందు మీకు ఒళ్లు పులకరిస్తుంది. వాడికి మాత్రం పక్కన దొర్లుకుంటూ వెళ్లే సూట్‌కేసు చక్రాలే పెద్ద వింత.

కాబట్టి వెళ్లలేని వాళ్లు బిడ్డకి ఏదో తక్కువ చేశామని ఒక్క క్షణం కూడా బాధపడనక్కర్లేదు. ఈఎంఐ పెట్టి మరీ వెళ్లనక్కర్లేదు. వెళ్లగలిగినవాళ్లు, వెళ్లాలని ఉన్నవాళ్లు మాత్రం "ఇది మా ఇద్దరి సరదా, నిన్ను వెంట తీసుకెళ్తున్నాం" అని ఒప్పుకుని వెళ్లండి.

ఒప్పుకుంటే ఏం మారుతుంది?

చాలా మారుతుంది. కోరిక మనదైతే, ఆ ప్రయాణంలో బిడ్డ మన అతిథి. అతిథికి ఏం కావాలో కనుక్కుని ఏర్పాటు చేయడం మన పని.

సింగపూర్ టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం 8 గంటలకి టూర్ బస్సు అంటే బిడ్డ ఒంటికి తెల్లవారుజామున 5:30. కాబట్టి రోజుకి ఒకటే చోటు పెట్టుకోండి, మధ్యాహ్నం నిద్ర వదలకండి. విమానం దిగేటప్పుడు పసివాళ్లకి చెవులు నొప్పి పుడతాయి. పాలు పట్టిస్తే, ఏదైనా మింగుతూ ఉంటే కాస్త తేలిక. చంటిపిల్లలకి కూడా విడిగా పాస్‌పోర్ట్ కావాలి, దాని గడువు 5 ఏళ్లు, ముందే చూసుకోండి. టీకాలు, మందుల గురించి మీ పిల్లల డాక్టర్‌ని అడగండి. వాడు ఏడిస్తే పక్క సీటువాళ్ల ముందు సిగ్గుపడి వాణ్ని గిల్లకండి, కసరకండి. ఏడుపు వాడికున్న ఒకే భాష.

ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. టికెట్లు బుక్ చేసే ముందు ఒక ఆదివారం ఫోన్లు బ్యాగులో పెట్టేసి, బిడ్డతో సగం రోజు శామీర్‌పేట చెరువు దగ్గరో, కీసరగుట్ట మీదో గడపండి. వాడి నడకతో నడవండి. సాయంత్రానికి ముగ్గురూ నవ్వుతూ ఇంటికొస్తే, ఐదు రోజులు కూడా గడపగలరు. గంటకే విసుగొస్తే, ఊరు మారినంత మాత్రాన ఆ విసుగు మారదు.

ఇక నానమ్మ సంగతి. సోమవారం నుంచి శుక్రవారం దాకా మీరిద్దరూ ఆఫీసుకి వెళ్తే బిడ్డని చూసుకునేది చాలా ఇళ్లలో ఆవిడే. ట్రిప్‌కి ఆవిడని తీసుకెళ్లాలా, వద్దా? తీసుకెళ్తే, మనసులో ఉన్న మాట ముందు మీకు మీరు చెప్పుకోండి. సాయంత్రం బిడ్డ నిద్రపోయాక మీరు బయట తిరగడానికి, ఆవిడ హోటల్ గదిలో కాపలా ఉండటానికా? అలాగైతే ఆవిడ పేరు మీద కూడా ఇంకో అబద్ధం మొదలైనట్టే. "అమ్మా, రెండు సాయంత్రాలు పిల్లాణ్ని చూసుకోవాలి, మిగతా రోజులు నువ్వు ఎక్కడికంటే అక్కడికి" అని ముందే అడగండి. సెరంగూన్ రోడ్డు శ్రీనివాస పెరుమాళ్ గుడిలో కాసేపు కూర్చోవాలని ఆవిడకి ఉండొచ్చు. ఇంట్లోనే ఉంటానంటే, ఆ నాలుగు రోజులు ఆవిడకి నిజమైన సెలవు అయ్యేలా చూడండి. బిడ్డ లేని ఇంట్లో ఆవిడకి బెంగ కూడా ఉంటుంది. రోజూ ఒక వీడియో కాల్ చేయడం మర్చిపోవద్దు.

చివరగా వినాయకుడి కథ. కుమారస్వామి నెమలి ఎక్కి లోకమంతా చుట్టొస్తే, వినాయకుడు అమ్మానాన్నల చుట్టూ తిరిగి గెలిచాడు. ఆ కథని మనం పెద్ద పిల్లలకి బుద్ధి చెప్పడానికి వాడతాం. కానీ రెండేళ్ల బిడ్డ రోజంతా చేసేది ఆ ప్రదక్షిణమే. వంటింట్లో మీ కాళ్ల చుట్టూ, సోఫా చుట్టూ, రేపు ఎయిర్‌పోర్టులో మీ ట్రాలీ చుట్టూ. మీరు లోకం చుట్టి రండి, తప్పు లేదు. వాడు తిరుగుతున్నంత సేపు మధ్యలో మీరిద్దరూ ఉన్నారా, లేక ఫోన్ తెర వెనక ఉన్నారా అనేది ఒక్కటి చూసుకోండి.

ఈ వారం ఇంట్లో ఇద్దరూ కూర్చుని ఒకరినొకరు అడగండి: "మనకి అసలు ఎందుకు వెళ్లాలని ఉంది?" నిజమైన జవాబు వచ్చాక టికెట్లు చూడండి.

మీ ప్రయాణాలన్నీ క్షేమంగా జరగాలని ఆ కీసర రామలింగేశ్వరుణ్ని ప్రార్థిస్తూ, సెలవు.

శుభం.