గోడకి ఈ పక్క

కింది ఫ్లాట్ ఆంటీకి నేనొక అబద్ధం చెప్పాను. చెప్పేటప్పుడు అది అబద్ధమని పూర్తిగా తెలియదు. పూర్తిగా తెలియకుండా జాగ్రత్తపడ్డాను అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

మేముండేది ఫిల్మ్‌నగర్‌లో, పాత అపార్ట్‌మెంట్. ఉన్న రెండు బెడ్‌రూముల్లో ఒకదాన్ని పాటలు వినే గదిగా మార్చుకున్నాను. నాన్న ఎల్పీలు, ఒక ఆంప్లిఫయర్, నేల మీద నిలబడే రెండు స్పీకర్లు. ఒకరోజు ఆంటీ పైకొచ్చి, "మీ అంకుల్ ఆస్పత్రి నుంచి వచ్చారు బాబూ, తొమ్మిదికే పడుకుంటున్నారు, కాస్త చూసుకో" అన్నారు. నేను వెంటనే, "గోడలకి సౌండ్ ప్యానెళ్ళు పెట్టిస్తున్నానాంటీ, ఇంక మీకు ఇబ్బందుండదు" అన్నాను. మర్నాడు స్టీలు డబ్బాలో సున్నుండలు వచ్చాయి.

ప్యానెళ్ళు ఎనిమిది. ఒక్కోటి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం. చెక్క ఫ్రేములో గ్లాస్ ఊల్, పైన గుడ్డ. నాలుగు కిలోలు కూడా ఉండవు. బిగించడానికొచ్చిన వడ్రంగి ఈ చుట్టుపక్కల డబ్బింగ్ థియేటర్లలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గోడ వెంబడి అద్దం జరుపుకుంటూ పోయాడు. అద్దంలో నాకు స్పీకర్ కనబడ్డ చోటల్లా పెన్సిల్ గీత. శబ్దం గోడకి తగిలి నా చెవికొచ్చే దారి అదే. తర్వాత ప్లైవుడ్ బద్దల్ని ఏటవాలుగా కోసి, సగం గోడకి, సగం ప్యానెల్ వెనక బిగించి, చొక్కా తగిలించినట్టు తగిలించాడు.

పనయ్యాక గొప్పగా చెప్పాను, ఇవి కిందివాళ్ళ కోసమని. అతను నవ్వలేదు. "ఇవి లోపటి చప్పుడుకే సార్. కిందికి పోయేదాన్ని ఆపవు. స్పీకర్ స్లాబ్ మీద పెట్టి, గోడకి దూది కడితే ఏమైతది?"

అతను చెప్పింది నాకు తెలియనిదేం కాదు. ప్యానెల్ కొనేముందు నెలరోజులు చదివినవాణ్ణి. గదిలో ప్రతిధ్వనిని పీల్చడం ఒక పని, శబ్దాన్ని గది దాటకుండా ఆపడం వేరే పని. మొదటిదానికి మెత్తటిది కావాలి, రెండోదానికి బరువైనది, సందు లేనిది. 50 హెర్ట్జ్ బేస్ తరంగం పొడవు దాదాపు 22 అడుగులు. దానికి నా రెండంగుళాల గ్లాస్ ఊల్ ఓ లెక్కా?

ఈ శాస్త్రం పుట్టింది కూడా లోపల వినేవాళ్ళ కోసమే. 1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో పాఠం అర్థం కావట్లేదంటే, వాలెస్ సెబైన్ అనే యువ అధ్యాపకుడు పక్క థియేటర్ నుంచి సీటు దిండ్లు రాత్రిళ్ళు మోయించి కొలతలు తీశాడు. మాట ఐదున్నర సెకన్లు గదిలోనే తిరుగుతోందని తేలింది. మనుషుల ఒళ్ళు కూడా శబ్దాన్ని పీలుస్తుందని లెక్క కట్టాడు. వాళ్ళ ఇబ్బంది గదిలోదే. ఆంటీ ఇబ్బంది నా గదిలోది కాదు.

మరి ఎందుకలా అన్నాను? నా సుఖానికి పెట్టే ఖర్చుని ఆవిడ పేరున రాసుకుంటే, ఒకే డబ్బుతో రెండు కొనుక్కోవచ్చు: మంచి సౌండూ, మంచివాణ్ణనే పేరూ. నేనొక్కణ్ణే కాదులెండి. జూబ్లీహిల్స్ సందుల్లో నడిస్తే తెలుస్తుంది. లోపల ఏసీ చల్లగా ఉంటుంది, దాని వేడి గాలి సందులోకి కొడుతుంది. మన గది బాగుపడితే లోకం ఆ మేరకు బాగుపడినట్టే అనిపిస్తుంది. ఆ అనిపించడంలోనే ఉంది మోసం.

చట్టం ఉందిగా అనొచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి పది నుంచి ఆరు దాకా 45. కానీ అంకుల్ నిద్ర తొమ్మిదికి. ఆ గంట గురించి చట్టం నన్నేమీ అడగదు. అడగాల్సింది నేనే.

ఇంకో సాకూ ఉంది. ప్యానెళ్ళొచ్చాక మాట స్పష్టమైంది, తక్కువ వాల్యూమ్‌లోనే చాలుతోంది. అంటే ఆంటీకి మేలేగా? మేలే, నేను నాబ్ తగ్గిస్తే. నేను చేసింది వేరు. "ప్యానెళ్ళున్నాయిగా" అని పెంచాను.

మూడు వారాలు ఆ డబ్బా నా వంటింట్లోనే ఉండిపోయింది. ఖాళీగా ఇవ్వకూడదంటారు, ఏం పెట్టి ఇవ్వాలో తోచలేదు. ఒక ఆదివారం సాయంత్రం స్నేహితుణ్ణి పైన కూర్చోబెట్టి, రోజూ పెట్టే వాల్యూమ్‌లోనే ఇళయరాజా పాట పెట్టమని, ఖాళీ డబ్బా పట్టుకుని కిందికెళ్ళాను. "ఒక్కసారి మీ గదిలో నిలబడి వింటానాంటీ" అన్నాను.

అంకుల్ మంచం పక్కన నిలబడ్డాను. గొంతు లేదు, వయొలిన్లు లేవు. నేను ప్రాణం పెట్టే ఆ బేస్ గిటార్ మాత్రం ఉంది, రాగం పోయి, దుమ్ము దుమ్మని ఎవరో రోకటితో పైకప్పుని దంచుతున్నట్టు. నేను పాట అనుకున్నది వాళ్ళింట్లో ఏనాడూ పాట కాదు.

"ప్యానెళ్ళు మీ కోసం కాదాంటీ, నా కోసమే పెట్టించుకున్నాను. మీకు చెప్పింది తప్పు" అన్నాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆయనకి కోపం రాలేదులే. బోరు వేస్తున్నారనుకున్నారు" అన్నారు.

ఇప్పుడు ఎనిమిదిన్నరకి స్పీకర్లు కట్టేసి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటున్నాను. పగలు కూడా బేస్ తగ్గించే వింటున్నాను. నిజం చెప్పాలంటే పాటలో ఏదో పోయినట్టే ఉంటుంది. ఆ పోయింది మాత్రం నిజంగా ఆంటీ కోసమే పోయింది. డబ్బా తీసుకుంటూ ఆవిడన్నారు, "ఇచ్చావా, మంచిపని చేశావు. రేపు అడుగుదామనుకుంటున్నా."