పూదండలును రాళ్లును

(అపొస్తలుల కార్యములు 14:8–20 చదువుడి)



పేరుపొందిన కవియు గాయకుడును జనులకు ఋణపడియున్నారని లోకము చెప్పును. వినెడి మనము వారికేమియు ఋణపడి లేమా? ఈ నెల మేము ఈ సంగతినే మీ యెదుట పెట్టుచున్నాము.

లుస్త్రలో కుంటివాడు లేచి నడువగా జనులు పౌలును బర్నబాను దేవతలనుకొని పూదండలు తెచ్చిరి. తరువాత పొరుగు పట్టణములనుండి వచ్చినవారు ఆ జనులను త్రిప్పుకొనగా, పౌలుమీద రాళ్లు పడెను. పౌలు మారలేదు, జనులు మారిరి.

మన తెలుగు కవి గుర్రం జాషువాగారి జీవితము చూడుడి. ఆయన 1895లో వినుకొండలో బీద క్రైస్తవ కుటుంబమున పుట్టిరి. అంటరానివాడని అగ్రకులములవారు ఆయనను అవమానించిరి. క్రైస్తవుడై యుండి హిందూ పురాణకథలేల వ్రాయవలెనని మనవారు వెలిపెట్టిరి. 1941లో ఆయన "గబ్బిలము" వెలువడెను. గుడిలో అడుగు పెట్టనియ్యని పేదవాడు, అడ్డు లేక గుడిలోనికి పోగల గబ్బిలముచేత శివునికి తన మొర పంపుటయే దాని కథ. పిమ్మట పూదండలును వచ్చెను. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారంతటి పండితులు తమ చేతులతో ఆయన కాలికి గండపెండేరము తొడిగిరి. 1964లో "క్రీస్తు చరిత్ర"కు సాహిత్య అకాడమీ బహుమానము, 1970లో పద్మభూషణ్ బిరుదు వచ్చెను. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూసిరి.

పేదరికము, కులమత భేదము తనకు ఇద్దరు గురువులని జాషువాగారు చెప్పుకొనిరి. అయితే నింద ఆయనకు మేలే చేసెను గదా యని కొందరందురు. ఆ మాట ఆయన చెప్పినయెడల గొప్పతనము. మనము చెప్పినయెడల తప్పించుకొనుట. ఒకడు దెబ్బ ఓర్చి నిలిచినంత మాత్రమున, రాయి విసిరిన చెయ్యి పవిత్రమగునా? నిలిచినవాని పేరు మనకు తెలియును. ఓర్వలేక పాట మానినవారి పేరు ఎవరికి తెలియును?

పొగడ్తయు కీడు లేనిది కాదు. ఒకని దేవుడని ఎత్తినవారు, అతడు మనుష్యుడని తెలిసిననాడు క్షమింపరు. అందుచేతనే పౌలు బర్నబాలు బట్టలు చింపుకొని, తామును మనుష్యులమేయని మొరపెట్టిరి.

మన ఊళ్లలోను కీర్తన కట్టెడి చిన్నవాడున్నాడు, క్రిస్మసు నాటకములో వేషము వేసెడి పిల్ల యున్నది. తప్పు చెప్పవద్దని మేము అనము. రాగము తప్పినయెడల చాటుగా పిలిచి ప్రేమతో దిద్దుడి. పాటను తూచుడి, పాడువాని పుట్టుకను, పేదరికమును తూచకుడి. బాగున్నదన్న మాటయు మితముగా, నిజముగా చెప్పుడి.

చచ్చెనని ఊరివెలుపల పడవేసిన పౌలుచుట్టు కొందరు శిష్యులు నిలిచిరి, అప్పుడతడు లేచెను. దండ తెచ్చినవారు కారు, రాయి విసిరినవారు కారు, చుట్టు నిలిచినవారే ఆనాడు అతనికి తోడైరి. మన సంఘములలో అట్టివారు ఎక్కువగుదురు గాక.