గురి తప్పితే నష్టమెవరికి?

కొండల్లో వేటకు నమ్మదగిన తుపాకి దుర్భిణిని ఎంచుకోవటం ఎట్లా? ఈ ప్రశ్న మన పాఠకులకు వింతగా తోచవచ్చు. వేట తీరుబడి గలవారి వినోదం, దుర్భిణి బజారు సరుకు, ఇందులో నీతిచర్చకు తావెక్కడ అనవచ్చు. పైగా మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి వినోదపు వేటకు తలుపు మూశాయి. అయినా ఆల్ప్స్‌లోను, అమెరికాలోని రాకీ పర్వతాల్లోను వేట నేటికీ చట్టబద్ధంగానే సాగుతున్నది. అక్కడ "నమ్మదగినది" అనే మాటకు వచ్చే అర్థాన్ని విచారించటం మనకూ అవసరమని నా అభిప్రాయం.

ముందు వస్తువును చూద్దాం. కొనేవాడు సాధారణంగా అడిగేది, ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందని. అనుభవజ్ఞుల ప్రశ్నలు వేరు. రాతికి తగిలినా గురి నిలుస్తుందా? మంచులో, వానలో అద్దం లోపల ఆవిరి పట్టదు గదా? గొట్టంలో నైట్రోజన్ నింపి బిగించేది ఇందుకే. మునిమాపు వెలుగులో జంతువు కనబడుతుందా? ముందరి అద్దం వ్యాసాన్ని రెట్ల సంఖ్యతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. 42 మిల్లీమీటర్ల అద్దం 6 రెట్ల దగ్గర 7 మిల్లీమీటర్ల పుంజాన్నిస్తుంది. 14 రెట్ల దగ్గర 3 మాత్రమే. పడుచువాడి కంటిపాప చీకట్లో సుమారు 7 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. కనుక రెట్లు పెంచినకొద్దీ సందెవేళ బొమ్మ మసకబారుతుంది.

గురి సంగతి ఇంకా ముఖ్యం. డిగ్రీలో 60వ వంతు కోణం 100 మీటర్ల దూరాన సుమారు 3 సెంటీమీటర్లవుతుంది. ప్రయాణంలో తగిలిన దెబ్బకు గురి అటువంటి కోణాలు మూడింటి మేర కదిలిందనుకుందాం. 300 మీటర్ల దూరాన తూటా 26 సెంటీమీటర్లు తప్పుకుంటుంది. ఆల్ప్స్‌లోని షామ్వా అనే కొండమేకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడు మేర. తూటా కడుపులోనో తొడలోనో దిగుతుంది. ఆ జంతువు చావదు, బతకదు. గాయంతో లోయ దాటిపోతుంది. అందుకే విడిదికి చేరగానే అట్టమీద కాల్చి గురి మళ్లీ చూసుకోవటం తెలిసినవారి పద్ధతి.

సరుకు చెడితే నష్టం కొన్నవాడిది అంటుంది వ్యాపారనీతి. గడియారం ఆగితే దాన్ని కొన్నవాడికే రైలు తప్పుతుంది. తుపాకి దుర్భిణి చెడితే కొన్నవాడికి ఒక పూట వృథా. మిగిలిన నష్టమంతా ఆ బేరంతో ఏ సంబంధమూ లేని ప్రాణిది. ఒక్కొక్కప్పుడు మనుషులది.

కుమావూన్ కొండల చరిత్రే ఇందుకు సాక్ష్యం. చంపావత్ ఆడపులిని జిమ్ కార్బెట్ 1907లో చంపాడు. అప్పటికది నేపాలులోను, కుమావూన్‌లోను కలిసి 436 మందిని పొట్టన పెట్టుకున్నదని లెక్క. దాని నోట్లో కుడిపక్క పై కోర, కింది కోర విరిగి ఉన్నవి. అది పాత తుపాకి దెబ్బ అనీ, అందువల్లనే అడవి జంతువులను వేటాడలేక మనుషులమీద పడిందనీ కార్బెట్ నిర్ణయం. ఆ తుపాకి పేల్చినవాడెవడో చరిత్రకు తెలియదు. అతని తుపాకికి దుర్భిణి ఉన్నదా లేదా అన్నది నా వాదానికి ముఖ్యం కాదు. చనిపోయినవారిలో మేతకూ, కట్టెలకూ అడవికి పోక తప్పని పల్లె స్త్రీలు ఎందరో. తుపాకి ఒకరిది, దాని ఫలితం మరొకరిది. వర్గసమాజంలో ఎన్నో పనిముట్ల చరిత్ర ఇదే.

విద్యార్థి మిత్రుడొకరు నన్నడిగారు: "అసలు వేటే మానేస్తే పోదా? మంచి దుర్భిణి గురించి మాట్లాడటం హత్యకు మెరుగు పెట్టటం కాదా?" ఈ వాదంలో బలముంది. మానగలిగినవాడు మానటమే మేలు. కాని వేట సాగుతున్నంతకాలం, నా చేతులు శుభ్రంగా ఉన్నవని పక్కకు తప్పుకుంటే గాయపడ్డ మేకకు ఒరిగేదేమీ లేదు.

ఇంతకన్న ప్రమాదకరమైన వాదం మరొకటుంది: ఖరీదైన దుర్భిణి కొన్నాను గనుక నా బాధ్యత తీరిందనటం. పరికరం సామర్థ్యాన్ని తన సామర్థ్యమనుకున్నవాడు 300 మీటర్లనుంచి 600 మీటర్లకు పోతాడు. అంత దూరం పోవటానికి తూటాకు దాదాపు ఒక సెకను పడుతుంది; ఆలోగా జంతువు ఒక అడుగు వేస్తే చాలు. దుర్భిణి దగ్గరగా చూపుతుందేగాని దగ్గరికి తీసుకురాదు.

ఈ బాధ్యతను వ్యక్తి మనస్సాక్షికి మాత్రమే వదిలివేయరాదు. జర్మనీలో పరీక్ష ప్యాసు కానిదే వేట లైసెన్సు రాదు. గాయపడి పారిపోయిన జంతువును, శిక్షణ పొందిన కుక్కల సాయంతోనైనా వెదకి పట్టుకోవటం అక్కడ వేటగాని విధి. గాయం ఖరీదులో కొంతైనా కాల్చినవాడి నెత్తిన పెట్టే నియమమిది.

కనుక నా సమాధానం ఇది. దెబ్బకు చెదరనిది, తడికి మసకబారనిది, తక్కువ రెట్లతో ఎక్కువ వెలుగునిచ్చేది ఎంచుకోవాలి. కాల్చరాని క్షణాన్ని కూడా అది స్పష్టంగా చూపాలి. తన పొరపాటుకు మరొకరు మూల్యం చెల్లించే పని చేసేవాడెవడైనా, వేటగాడు గాని, వైద్యుడు గాని, వంతెన కట్టే ఇంజనీరు గాని, ఆ మరొకరి నష్టాన్నే కొలబద్దగా పట్టుకొని తన పనిముట్టును పరీక్షించుకోవాలి.